అమ్మాయి గదిలో నిలువు సందు

మా అమ్మాయి మేడ్చల్‌లో ఒక పాత దొర ఇంట్లో ఉంటుంది. ఆ ఇల్లు ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్. ఆమె మంచం పక్క గోడలో పైనుంచి కిందిదాకా సన్నటి చీలిక ఉంది. దాన్ని సిమెంటుతో పూడ్చమని ఓనరుకు మూడుసార్లు చెప్పాను. మూడోసారి అతను నలుగురి ముందు, "గంత భయమైతే మీ పిల్లను తీస్కపొండ్రి" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోను.

ఒకరోజు బస్సులో ఆ దొర ఇంటి గోడ గురించి మళ్లీ అతనితో ఫోన్లో పోట్లాడి పెట్టేశాను. పక్కనున్న ముసలాయన నవ్వాడు.

"గా దొర ఇంటి నడిమి వాకిట్ల హాస్టల్ అర్రలు కట్టిన సుతారి మేస్త్రిని నేనేనమ్మా."

"అయితే ఆ పగులు మీ పుణ్యమేనా?"

"పగులు గాదు, నేను ఇడిసిన సందు. పాత గోడ రాయి, సున్నంది. కొత్తది ఇటుక, సిమెంటుది. రెండిటిని అతికిస్తే గుంజుకొని పలుగుతయ్. నువ్వు పూడ్సుమని లొల్లి జేస్తున్నవ్, పూడ్సినంక సూడు తమాషా! అసలు పగులైతే వంకరటింకర పోతది. గా సందు తాడు గుంజినట్టు లేదా?"

నిజమే, తిన్నగానే ఉంది. ఇన్ని నెలలు చూసినా నాకు తట్టలేదు.

"మరి ఓనరు ఈ ముక్క చెప్పొచ్చుగా!"

"ఆయనకేమెరుక? కట్టేటప్పుడు ఒక్కనాడన్న రాలే."

ముసలాయన సుచిత్ర స్టాపులో దిగిపోయాడు. పేరు అడగలేదు. ఓనరును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. ఆ రోజు సీటుకు చేరబడి నిద్రపోయాను. నా స్టాపు దాటి రెండు స్టాపులు పోయాక కండక్టరమ్మ లేపింది. ముందే ఎందుకు లేపలేదని ఆమెను ఒక్క మాట కూడా అనలేదు.