పీట మీద గాలి మిషన్

తెల్లవారుతుండగా మా ఆయన మంచం మీద లేచి కూర్చుని, ముఖానికి ఉన్న మాస్కును పీకి అవతల పడేశాడు. మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. బనియను ముందంతా తడిసిపోయింది.

"ఇది ఊపిరి వోసే మిషనా, ముంచి సంపే మిషనా? ముక్కుల నీళ్ళు వడుతానయ్! నాకొద్దీ లొల్లి. సోమారం పొద్దుగాల్నే వాపస్ ఇచ్చేసొస్త," అన్నాడు.

నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది.

"వాపస్ ఇచ్చినంక బండెట్ల నడుపుతవ్? మాట అనేముందు జర సోంచాయించు," అన్నాను. ఆయన తువ్వాల తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మా ఆయన డీసీఎం వ్యాను డ్రైవరు. నెక్కొండ వైపు ఊళ్ళ నుంచి మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్టుకు తోలుతాడు. స్టీరింగ్ పట్టినప్పటి నుంచి ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదని గొప్పగా చెప్పుకునే మనిషి. అలాంటివాడు మొన్న వానాకాలంలో వర్ధన్నపేట దాటాక, పట్టపగలు, కళ్ళు మూతపడి బండిని పత్తి చేలోకి దింపాడు. దేవుడి దయ, మనిషికి గీత కూడా పడలేదు.

హన్మకొండలో దవాఖానకు తీసుకుపోతే ఒక రాత్రి అక్కడే పండబెట్టి పరీక్ష చేశారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తోందట. రాత్రి నిద్ర నిద్ర కాకపోబట్టే పగలు కునుకు పడుతోందట. ఆ సంగతి నాకు సగం తెలిసిందే. గురక ఆగితే నాకు మెలకువ వచ్చేది. మళ్ళీ మొదలయ్యేదాకా ప్రాణం బిగబట్టుకుని ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉండేదాన్ని. దానికి జబ్బు అనే పేరుందని మాత్రం తెలియదు.

ముక్కుకు మాస్కు పెట్టి, పైపులోంచి గాలి పంపి, గొంతు మూసుకుపోకుండా చూసే మిషన్ ఇచ్చారు. గాలికి ముక్కు ఎండిపోకుండా అందులో ఒక చిన్న నీళ్ళ డబ్బా ఉంటుంది. అది వేడెక్కి గాలికి తడి ఇస్తుంది, ఎంత తడి కావాలో మిషన్ మీద నంబరు పెట్టుకోవచ్చు. రాత్రి ఎంతసేపు వాడారో, ఊపిరి ఎలా నడిచిందో లోపలి కార్డులో పడుతుంది. ఆ కార్డు చూశాకే స్టీరింగ్ ముట్టాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బండి ఓనరు కూడా తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. "అన్నా, డాక్టరమ్మ సరే అంటే బండి నీదే. మిర్చి సీజన్ షురూ అయ్యేలోపు సంగతి తేలకుంటే మాత్రం వేరేటోన్ని పెట్టుకుంట, ఏమనుకోకు," అన్నాడు. సీజన్ చూస్తే గుమ్మంలోకి వచ్చేసింది. ఈయనేమో మిషన్ వద్దంటున్నాడు.

ఇక మా అత్తమ్మ సంగతి చెప్పాలి. మిషన్ ఇంటికి వచ్చిన రోజు ఆమె దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. మా ఆయన దాన్ని మంచం పక్కన కింద పెట్టబోతే కసిరింది.

"కొడుకా, నీ పానం నిలవెట్టే వస్తువది. కాళ్ళకాడ వెడతవా? కండ్లకద్దుకుని మీద వెట్టు!"

అలా అది మంచానికి పైన, గోడకున్న సెల్ఫు మీదికి ఎక్కింది. పైపు అక్కడి నుంచి ఆయన ముఖం మీదికి వేలాడేది. నీళ్ళు పోసే పని కూడా అత్తమ్మే తీసుకుంది. డబ్బా మీద ఒక గీత ఉంటుంది, అంతవరకే పోయాలి. ఆమెకు అది నచ్చలేదు. "ఇంట్ల మనిషికి పానం బాగలేనప్పుడు ఎలితి గిన్నె వెడతరా?" అని పైదాకా, అంచు తాకేలా నింపేది. పొద్దున్నే ఆ డబ్బాను పీచు పెట్టి బిందెను తోమినట్టు తోమేది. ఆమె చేతిలో పడ్డ గిన్నె తళతళలాడాల్సిందే. నిజం చెప్పొద్దూ, నేను కూడా ఏమీ అనలేదు. కొడుకు మీద ప్రేమ అలా పొంగుతుంటే అడ్డం ఎలా చెప్తాం?

మీసాలు తడిసిన ఆ పొద్దున నేను పట్టు పట్టాను. నేను జాకెట్లు కుడతాను. మా వీధిలో అడగండి, నేను కుట్టిన జాకెట్టు బాగాలేదని ఇంతవరకు ఒక్కరూ తిరిగి తేలేదు. లూజైతే కుట్టు వేస్తాం, టైటైతే విప్పుతాం, అంతేగానీ బట్టను వాపస్ ఇస్తామా? అలాంటిది నా మొగుడి ప్రాణం కాపాడే వస్తువు నా ఇంటి నుంచి వాపస్ పోతుందా? చూద్దాం అనుకున్నాను.

ముందు సెల్ఫు మీద చెయ్యి పెట్టి చూశాను. మిషన్ కింద కూడా తడే. అంటే నీళ్ళు రెండు చోట్ల నుంచి వస్తున్నాయన్నమాట. డబ్బా బయటికి లాగి వెలుగులో తిప్పి చూశాను. మూత చుట్టూ ఉండే రబ్బరు ఒక పక్క పైకి లేచి ముడతపడి ఉంది. పీచు పెట్టి తోమితే లేవక ఏం చేస్తుంది? చంక దగ్గర గుడ్డ ముడత పడితే ఎంత మంచి కుట్టయినా ఎగతన్నుతుంది. రబ్బరును వేలితో చుట్టూ ఒత్తుకుంటూ గాడిలో కూర్చోబెట్టాను. నీళ్ళు గీత వరకే పోశాను. కింద కారడం ఆగిపోయింది. కానీ పైపులో మాత్రం మళ్ళీ హుక్కా తాగినట్టు గుడగుడ, మళ్ళీ మీసాలు తడి.

"అసలు నీళ్ళే పొయ్యకు," అన్నాడాయన. అదీ చేశాం. పొద్దున్నే ముక్కు ఎండిపోయి, తుమ్మితే రుమాలు మీద రక్తపు చార కనిపించింది. అత్తమ్మ ఏడుపు అందుకుంది. "నేను చెప్పలేదా, ఇది మనకు అచ్చిరాదు," అని ఆయన మిషన్‌ను అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. నేను పెట్టె లాక్కున్నాను. "సోమారం దాకా ఇది నాది. ముట్టినవంటే నేను మంచిదాన్ని గాను!" అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద అంత గట్టిగా అరిచింది అదే.

ఆ రాత్రి మళ్ళీ గీత వరకు నీళ్ళు పోసి మాస్కు పెట్టించాను. మర్నాడు పొద్దున ఆయన లేవకముందే పైపును ఈ చివర నుంచి ఆ చివర దాకా చేత్తో తడిమాను. మిషన్ దగ్గర గోరువెచ్చగా ఉంది. కిటికీ పక్కకు వచ్చేసరికి ఐసుగడ్డే. చలికాలం, పైగా ఆ కిటికీ రెక్క సరిగా మూసుకోదు. ఇడ్లీ గిన్నె మూత తీస్తే లోపలి వైపు నీటి బొట్లు ఉంటాయే, అదే జరుగుతోంది ఇక్కడ. వెచ్చటి తడిగాలి చల్లటి పైపులో నీళ్ళవుతోంది. మరి ఆ నీళ్ళు ముక్కులోకే ఎందుకు రావాలి? తలెత్తి చూస్తే సెల్ఫు మీద బొట్టు పెట్టుకుని మిషన్ దర్జాగా కూర్చుంది. నీళ్ళు కిందికి కాక పైకి పోతాయా!

ఎందుకైనా మంచిదని మిషన్ అమ్మినాయనకు ఫోన్ చేశాను. నేను చెప్పిందంతా విని, "కరెక్టే అమ్మా, తలకన్న కిందికి పెట్టాలె. తడి నంబరు గూడ ఒకటి తగ్గించుండ్రి. గంత మీద ఎందుకు పెట్టిండ్రమ్మా?" అన్నాడు. ఏం చెప్పమంటారు? "మా ఇంట్ల దాన్ని మొక్కుతాన్నం," అన్నాను. ఆయన నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేశాడు.

కిందికి దించడమే పెద్ద పని అయింది. అత్తమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది. "దించితే నా మీద ఒట్టే," అన్నది. నేను వాదించలేదు. ఇంట్లో ఉన్న పసుపు రాసిన పీటను తెచ్చి, మంచం పక్కన నేల మీద చిన్న ముగ్గు వేసి, దాని మీద పెట్టాను.

"అత్తమ్మా, పెండ్లిపిల్లను సెల్ఫు మీద గూసోవెడతమా, పీట మీద గూసోవెడతమా?"

ఆమె నా ముఖం చూసింది, పీట చూసింది. "పీట మీదనే గదా బిడ్డా," అన్నది మెల్లగా. తనే మిషన్‌ను రెండు చేతులతో దించి పీట మీద పెట్టింది. "మరి నీళ్ళో? సగమే పోస్తే ఎట్ల?" అన్నది. "ఆ గీతే దానికి నిండు అత్తమ్మా. మనకు కడుపు నిండినంక ఇంకో ముద్ద వెడితే కక్కమా?" అన్నాను. ఆ మాట ఆమెకు బాగా ఎక్కింది. అప్పటి నుంచి గీత మీద కన్ను పెట్టి నీళ్ళు పోసేది ఆమే, రబ్బరును వేలితో ఒత్తి చూసేదీ ఆమే.

ఇక పైపు. ఆయన పాత స్వెట్టరు ఒకటి ఉంది. దాని రెండు చేతులూ కోశాను. అవి ఎలాగూ గొట్టాలే కదా. ఒకదానికొకటి కలిపి, లోపల జాకెట్ల లైనింగ్ బట్ట వేసి, ఉతకడానికి వీలుగా పొడవునా జిప్పు పెట్టి కుట్టాను. పైపుకు తొడిగితే కొలిచినట్టు సరిపోయింది. కిటికీ సందులో గుడ్డలు కుక్కాను. ఆ తొడుగును ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ తిప్పి తిప్పి చూపించాను, ఎందుకు దాచుకోవాలి? అంత సొగసైన కుట్టు పెళ్ళికూతురి జాకెట్టుకు కూడా వెయ్యలేదు.

మరుసటి పొద్దున నేను వంటింట్లో ఉంటే అత్తమ్మ వచ్చి నన్ను కంగారుగా కుదిపింది. "పిల్లా, గురక ఇనవడతలేదు! వాడు ఉన్నడా?" ఇద్దరం వెళ్ళి చూస్తే కిటికీ దగ్గర ఎండ పడుతోంది, ఆయన వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోతున్నాడు. మీసం పొడిగా ఉంది. అత్తమ్మ పీటకు దండం పెట్టింది. నేను నా చేతులు చూసుకున్నాను. సోమవారం వచ్చింది, పోయింది. అట్టపెట్టెను ఆయనే అటక మీద పడేశాడు.

తర్వాత కార్డు చూసి డాక్టరమ్మ, "మంచి నిద్ర, ఇక బండి ఎక్కొచ్చు," అన్నది. మా ఆయన వెంటనే, "మా ఆమె చేసింది మేడం, అంత మా ఆమెనే," అని పీట దగ్గర నుంచి స్వెట్టరు దాకా చెప్పుకొచ్చాడు. బయట క్యూలో ఉన్నవాళ్ళందరికీ వినిపించింది. నేను సిగ్గు పడలేదు.

సీజన్ మొదటి లోడుకు నేనూ ఎక్కాను. నెక్కొండ దగ్గర అక్కను చూసొస్తానని సాకు చెప్పాను. అసలు సంగతి ఆయన కళ్ళ మీద నా కన్ను ఉంచడమే. తిరుగు ప్రయాణంలో వెనుక మిర్చి బస్తాలు, ముందు ఆయన పక్కన నేను. కళ్ళు మూస్తాడేమో, తల వాలుస్తాడేమో అని రోడ్డు చూడకుండా ఆయననే చూస్తూ కూర్చున్నాను. ఆయన రెప్ప బరువుగా వాలడం ఒక్కసారి కూడా చూడలేదు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు.

ఆ తర్వాత నాకు తెలియదు. భుజం మీద చెయ్యి పడితే కళ్ళు తెరిచాను. ఎనుమాముల యార్డు, మిర్చి ఘాటు, బస్తాలు దించడానికి నిలబడ్డ హమాలీలు. ఆయన ఇంజిన్ ఆపి నన్నే చూస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. మిర్చి ఘాటుకేమో అనుకున్నాను.

"పండుకున్నవే నువ్వు," అన్నాడు. "నేను నడుపుతాంటె మంచిగ నిద్రవోయినవు. లేస్తవేమోనని దారంత హారన్ గూడ కొట్టలే."

కిందికి దిగి హమాలీలకు కూడా అదే చెప్పాడు.