పడవకి చోటు

రిటైరయ్యాక మావారు చేపలు పడతానని ఒక పడవ కొన్నారు. ఉద్యోగమంతా వంతెనలు కట్టిన మనిషికి నీళ్ళలోకే దిగాలన్న కోరిక అప్పుడు పుట్టింది. సరే, పుట్టనీ అనుకున్నాను. చిక్కల్లా దాన్ని ఎక్కడ పెట్టాలనే. మా లండన్‌లో, అంటే కెనడా లండన్‌లో, చలికాలం మంచులో వదిలేస్తే పడవ పాడైపోతుందట. అందుకని పడవని ఎక్కించి కారు వెనక లాక్కెళ్ళే ట్రైలర్, అదీ గ్యారేజీలో పట్టేది, కావాలి.

ఇక ఇంట్లో రోజూ ట్రైలర్ గోలే. టేపు పట్టుకుని గ్యారేజీ కొలవడం, నమ్మకం కుదరక మళ్ళీ కొలవడం. ట్రైలర్ ముందుండే, కారుకి తగిలించే కడ్డీ మడతపడే రకమైతే తలుపు పడుతుందని తేల్చారు. దుకాణానికి ఫోన్ చేసి ఎన్ని ఆరాలో! పెళ్ళిచూపుల్లో నన్ను ఇందులో సగం ప్రశ్నలు కూడా అడగలేదు.

చివరికి ట్రైలర్ వచ్చింది. కడ్డీ మడిచి, పడవతో సహా లోపలికి తోశారు. తలుపు దిగుతూ దిగుతూ పడవ వెనకున్న మోటారుకి తగిలి ఆగిపోయింది. అన్నీ కొలిచిన ఇంజనీరుగారు మోటారు సంగతి మరిచిపోయారు. తల గోక్కుంటూ వచ్చి, గ్యారేజీ లోపలి గోడవార ఉన్న నా స్టవ్ వైపు చూశారు.

"ఈ స్టవ్ ఒక్కటీ తీసేస్తే ముందుకి జరుగుతుందోయ్!"

ఆ స్టవ్ అక్కడికి ఊరికే రాలేదు. ఈ ఇంట్లో దిగిన కొత్తలో నేను చేపల పులుసు పెడితే, ఆఫీసు కోటుకి వాసన పట్టిందని, పక్కసీటువాళ్ళు ముక్కు మూసుకున్నారని ఆయన పెద్ద రభస చేశారు. దాంతో చేపలూ వేపుళ్ళూ గ్యారేజీకి వెళ్ళిపోయాయి, వాటితో పాటు నేనూ. తలుపు సగం ఎత్తి, నైటీ మీద వింటర్ జాకెట్ తొడుక్కుని, వేళ్ళు కొంకర్లు పోతుంటే ఉల్లిపాయలు వేయించేదాన్ని. మొదట్లో ఏడుపొచ్చేది. రానురాను ఆ మూల నాదైపోయింది. ఒక కుర్చీ, పాటలకి ఒక పాత ఫోను, ఎవరూ పిలవని కాస్త సమయం. ఇంత ఇంట్లో నాకంటూ ఉన్న చోటు అదొక్కటే.

"మరి మీరు పట్టుకొచ్చే చేపలు ఎక్కడ వండనండీ?" అన్నాను.

"లోపలే వండెయ్. కొంచెం వాసనకేముంది, కిటికీలు ఓపెన్ చేస్తే పోతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కిటికీలు ఇల్లు కొన్న రోజు నుంచీ అక్కడే ఉన్నాయి.

"దాని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను," అన్నాను. ఆయన పడవ మీద కప్పే టార్పాలిన్ వెతకడానికి బేస్‌మెంట్‌లోకి దిగారు.

పడవ ఇప్పుడు గ్యారేజీ బయట డ్రైవ్‌వేలో ఉంది. మడతపడే కడ్డీని మడవాల్సిన పని లేదు. స్టవ్ ఉన్నచోటే ఉంది. ఆ సాయంత్రం మాత్రం ఫ్రీజర్లో చేప తీసి, లోపల వంటింట్లోనే పులుసు పెట్టాను. కిటికీలన్నీ మూసి, ఆయన కోట్లున్న క్లోజెట్ తలుపులు బార్లా తీసి.