సుంగై సిపుట్‌లో రెండు వారాల రాజ్యం

1957లో మలయాకి స్వాతంత్ర్యం, అంటే మెర్దెకా, రావడానికి రెండు నెలల ముందు, రబ్బరు ఎస్టేటులో గుమస్తాగా ఉన్న మా మావయ్య అప్పలసామికి జబ్బు చేసిందని ఉత్తరం వచ్చింది. పొద్దున్న ఆరింటికి క్లాంగ్‌లో రైలెక్కాను. కౌలాలంపూర్‌లో బండి మారి ఇపో చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. అక్కణ్ణించి సుంగై సిపుట్‌కి బస్సు.

ఎస్టేటు గేటు దగ్గర పోలీసులు ఆపారు. అడవిలోని కమ్యూనిస్టులకు తిండి అందకూడదని వండిన అన్నం కూడా పోనివ్వరు. నా దగ్గర అమ్మ కట్టిచ్చిన పులిహోర ఉంది. సార్జెంటు వాసన చూసి, "ఇక్కడే తినెయ్" అన్నాడు. ముగ్గురికి సరిపడేది అతని ముందు నిలబడి తిన్నాను. ప్రభుత్వాన్ని కాపాడటానికి నేను చేసిన యుద్ధం అదే. అటు వెళ్లేవాళ్లు చేతులూపుకుంటూ వెళ్లడం మంచిది.

నాలుగున్నరకి ఇల్లు చేరాను. మావయ్యకి జ్వరం తగ్గింది. మెర్దెకా మాటెత్తితే, రాజ్యం మారడం తను ముందే చూశానన్నాడు.

పన్నెండేళ్ల కిందట జపానువాళ్లు లొంగిపోయాక, తెల్లదొరలు తిరిగి రాకముందు, కమ్యూనిస్టు గెరిల్లాలు అడవిలోంచి దిగి ఎస్టేటుని పట్టుకున్నారట. ఆఫీసులో సుల్తాను పటం దించేశారు. ఇక రాజులు లేరు, కూలీలదే రాజ్యం అన్నారు. ఆ మాట కూలీల్ని రెండు గంటలు ఎండలో నిలబెట్టి చెప్పారు. కొత్త రాజ్యం మొదటి తీర్పు, జపానువాళ్ల దగ్గర పనిచేసిన గుమస్తాకి మరణశిక్ష.

"నా సేతులు కట్టీసినారురా. అప్పుడు రబ్బరు కోసే సూరమ్మ ముందుకొచ్చి, 'మా ఆయన జపానోళ్ల సయాం రైలు పనికి పోయి సచ్చిపోనాడు. ఈ బాబు రేషను పట్టీలో ఆయన పేరు కొట్టీకుండా నా పిల్లలకి బియ్యం ఇప్పించినాడు. ముందు నన్ను సంపండి' అన్నాది."

నాయకుడు కట్లు విప్పించి, మావయ్యని ప్రజాసంఘం కార్యదర్శిని చేశాడు. రాయడం వచ్చినవాడు ఇంకొకడు లేడు మరి. రెండు వారాలకి దొరలొచ్చారు. కార్యదర్శిగా పనిచేసిన నేరానికి మూడు నెలలు జైల్లో పెట్టి, మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు.

"ఇప్పుడేటి రాస్తన్నావు మావయ్యా?"

"పౌరసత్వం కాగితాలు. సూరమ్మది మూడుసార్లు తిరిగొచ్చినాది. తనని ఏళ్ల తరబడి ఎరిగిన, సదువొచ్చిన సాచ్చి కావాలంట. నా సంతకం సెల్లదంట, జైలుకెళ్లినాను కదా."

ఆ సాయంత్రం సూరమ్మ మిరియాల చారు తెచ్చింది. నన్ను కూర్చోబెట్టి వడ్డించింది. మావయ్య ప్రాణం నిలబెట్టిన సంగతి ఎత్తబోతే, "జొరం తగ్గినాది కదా బాబూ" అని గిన్నె తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పదింటికి ఆమె కాగితం పట్టుకుని ఇపోలో పౌరసత్వం ఆఫీసుకి వెళ్లాను. సాక్షిగా సంతకం పెట్టాను. ఎన్నేళ్లుగా తెలుసు అన్నచోట పన్నెండేళ్లని రాశాను. ఆఫీసరు ముద్ర కొట్టాడు.

పన్నెండున్నర రైలుకి తిరుగు ప్రయాణం. ఆమెని నేను చూసింది ఒక్క సాయంత్రమే. అయినా బండి క్లాంగ్ చేరేదాకా ఎంత వెతికినా, నేను రాసినదాంట్లో నాకు అబద్ధం కనపడలేదు.