చచ్చిన నీళ్ల పేజీ

ఇదివరకు తెల్లారగానే ఇన్సాఫ్ టీ కాచి మొగుడు మెత్వల్లి పక్కన పెట్టేది. పడవల వాళ్లు ఫోన్లో చెప్పిందల్లా అతను తన వెబ్‌సైటులో ఎక్కించేవాడు. మంజలా సరస్సు మీద గాలి ఎటుంది, ఏ రెల్లు దిబ్బ దగ్గర నీళ్లు కంపు కొడుతున్నాయి, ఎక్కడ చేపలు చచ్చి తేలాయి. అది చూసుకునే వలవాళ్లు పడవలు తోసేవారు. అతను పోయి నాలుగు నెలలు. ఇప్పుడు ఆ టీ ఆమే తాగుతోంది, ఆ కబుర్లు ఆమే ఒంటి వేలితో కొడుతోంది. చదువు అంతంతే. కొడుతున్నంతసేపూ పక్కన అతని ఊపిరి వినిపిస్తున్నట్టే ఉంటుంది. కిటికీ అవతల సరస్సు పాలలా పరుచుకుని, నీరెక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు.

మొన్న సైటుకి చోటిచ్చిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. నీళ్లు పాడై చేపలు చచ్చిన చోట్లు రాసే చచ్చిన నీళ్ల పేజీ మీద, సరస్సులోకి మురుగు వదిలే రంగుల ఫ్యాక్టరీ వాళ్లు ఫిర్యాదు చేశారట, సర్కారు ఆఫీసు నుంచీ ఫోనొచ్చిందట. గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఆ పేజీ తీసేయాలి, లేదా సైటు మొత్తం మూసేస్తారు. మెత్వల్లి పదకొండేళ్ల రాత అది.

గురువారం మరిది సబ్రీ వచ్చి కూర్చున్నాడు.

"ఒక్క పేజీయే కదా వదినా. కళ్లు మూసుకుని నొక్కెయ్. అన్నయినా అదే చేసేవాడు."

"మీ అన్న పులుసులో ఉప్పు తగ్గితేనే ఊరుకునేవాడు కాదు."

"నవ్వించకు. రేపు సర్కారు వాళ్లొచ్చి తలుపు కొడితే ఏం చెప్పను?"

"మా వదినకి చదువు రాదని చెప్పు."

అలా అన్నదే గానీ, అతని రాతంతా పోతుందన్న బెంగతో పేజీ తెరిచింది. తీసేయాలా అని తెర అడిగింది. వేలు పెట్టబోతుంటే వలవాడు అషూర్ గొంతు ఫోన్లో వచ్చింది. బురద దిబ్బ దగ్గర బోల్టీ చేపలు తెల్లటి పొట్టలతో తేలాయట. తన తమ్ముడు వల ఎత్తడానికి అటే బయల్దేరుతున్నాడట.

"మా ఇద్దరికీ మాటల్లేవక్కా. నా ఫోనెత్తడు. నీ పేజీ అయితే చూస్తాడు."

ఇన్సాఫ్ చాలాసేపు తెర వంక చూసింది. మెత్వల్లి రాసిన వరసలు ఒకదాని కింద ఒకటి నీటి మీద అలల్లా కదిలినట్టనిపించింది. ఇదొక్కటి తీసేసి మిగతావన్నీ ఉంచుకుంటే, అతను ఇంట్లోనే ఉండి నోరు మెదపనట్టే.

ఆ వరసల కింద అషూర్ మాట నెమ్మదిగా కొట్టింది. సబ్రీ గడియారం చూశాడు, ఆమెను చూశాడు.

పన్నెండు దాటింది. పేజీ తీసే పని ఆమె చెయ్యలేదు.