మా మిల్లు ఫిట్టరు

కర్నూలు నూనె మిల్లుకు కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో నేను వేరుశనక్కాయలు ఒలిచే మిషను నడిపేవాణ్ణి. మాకొక ముసలి ఫిట్టరు ఉండేవాడు. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన అరచెయ్యి ఏదో ఒక మిషను మీదే ఉండేది. ఒకరోజు నా మిషనుకు చిన్న స్విచ్చి బిగించాడు. మిషను మరీ అదిరితే అందులోని ఇనుప గుండు జారి, మోటారు ఆగిపోతుంది.

మాటిమాటికీ పని ఆగుతోందని యజమాని, "దాన్ని పీకెయ్యప్పా" అన్నాడు.

"ముందు నన్ను పనిలోంచి తీసెయ్ సామీ, ఆమైన దాన్ని పీకుదువు" అన్నాడు ఫిట్టరు.

నెల తిరక్కుండానే, నేను వంగి కాయలు పోస్తుండగా మోటారు ఆగిపోయింది. విప్పి చూస్తే ఇరుసు చీలి ఉంది. ఇంకో నిమిషం తిరిగితే విరిగి నా మొహానికి తగిలేది. నేను మొక్కబోతే ఆయన వెనక్కి జరిగి, "నాకెందుకప్పా? ఇంటికి పోయి పెండ్లాం బిడ్డల్ని చూసుకోని రాపో" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నన్ను చూసి నా భార్య ఏమైందని కంగారుపడింది. ఏమీ కాలేదని చెప్పగలిగానంటే అది ఆయన చలవే.