రోజూ జనవరి ఒకటి

ఫోన్ మీద డీటీపీ భాయ్ పేరు కనిపించగానే ఎత్తి, "ఏంటి భాయ్, మళ్ళీ అలిగిందా మీ ప్రింటరు?" అన్నాను. నవ్వుతూ అన్నాను. ఆ నవ్వే నన్నిప్పటికీ పీక్కు తింటోంది. అవతల మాట్లాడింది ఆయన కాదు, ఆయన భార్య. నేను భాభీ అంటాను. "భాయ్‌సాబ్, ఆయన పోయిండ్రు" అన్నారు. ఎక్కడికి అని అడిగాను. నమ్మండి, ఎక్కడికి పోయారు అని అడిగాను. "షాపుకు పోవాలని చెప్పులు ఏస్కుంటున్నరు. ఛాతీల నొస్తుందన్నరు. సోమాజిగూడ దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయిందన్నరు" అన్నారు భాభీ. ముందు రోజు సాయంత్రమే ఆయన పక్కన స్టూల్ మీద కూర్చుని చాయ్ తాగి, రేపొస్తా అని చెప్పి వచ్చాను. మనిషి సుబ్బరంగా ఉన్నాడు. ఒక్క తుమ్ము కూడా తుమ్మలేదు.

మీలో ఎవరైనా పాతికేళ్ళుగా అమీర్‌పేట, పంజాగుట్ట చుట్టుపక్కల ఉంటుంటే, మీ ఇంటి కార్డు ఒక్కటైనా ఆయన చేతి మీదుగా వెళ్ళే ఉంటుంది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు వస్తుంటే లోపలికి తిరిగే ఒక సందులో, మూడంతస్తుల బిల్డింగు మెట్ల కింద ఆయన షాపు. నిలబడితే తల తగులుతుంది. పైన మూడంతస్తుల్లోనూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు. ఏడాదికోసారి ఆ బోర్డుల మీద పేర్లు మారిపోతుంటాయి. భాయ్ చాయ్ గ్లాసు పట్టుకుని పైకి చూసి, "గాయన ఎస్.ఆర్. నగర్ హాస్టల్ల ఉండి, పస్తులుండి నేర్చుకున్న కోర్సు సార్ అది. పోయింది. బోర్డు సుత పీకేసిండ్రు" అనేవారు, ఎదురుగా నడిచి వెళ్ళే ఏ కుర్రాణ్ణో చూపిస్తూ. ఆయన బాధ నిజమైనదే. ఆయన మాత్రం ఒక్కటే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నారు. తెలుగు కంపోజింగ్‌ది. దాంతోనే బతికారు.

ఆయన చేసేది కార్డులు. పెళ్ళి, గృహప్రవేశం, అన్నప్రాశన, పెద్దకర్మ. ఆయన ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, కానీ మా పురోహితుడు ముహూర్తం మేటర్ తప్పు రాసిస్తే పట్టుకునేది ఆయనే. ఒకసారి చేసిన కార్డు ఆయన దగ్గర చెరిగిపోదు. ఇరవయ్యేళ్ళ తర్వాత ఎవరైనా వచ్చి, మా నాన్న పోయారండీ అంటే, "జర కూసోండ్రి" అని కంప్యూటర్లోంచి వాళ్ళ పెళ్ళి కార్డు తీసేవారు. అందులో మేనత్తల పేర్లు, చిన్నాన్నల పేర్లు, ఎవరి తర్వాత ఎవరో వరసగా ఉండేవి. ఏడుస్తున్న మనిషిని కూర్చోబెట్టి పేర్లు అడగాల్సిన పని ఉండేది కాదు. "పేరు తప్పయితే మళ్ళ కొట్టొచ్చు సార్. వరస తప్పయితే ఇంట్ల లొల్లి" అనేవారు. మా అమ్మాయి పెళ్ళి కార్డు ఆయనే చేశారు, మనవడి అన్నప్రాశన కార్డు ఆయనే చేశారు. ఆరేళ్ళ కిందట మా ఆవిడ పోయినప్పుడు నేను షాపు ముందు నిలబడి నోరు తెరవలేకపోతే, ఏమీ అడక్కుండా కార్డు కొట్టి ఇచ్చారు. ఒక్క పేరు తప్పు పోలేదు.

ఆయనకొక విచిత్రమైన అలవాటుండేది. పొద్దున షాపు తెరవగానే మొదట వచ్చినవాళ్ళకి "హ్యాపీ న్యూ ఇయర్ సార్" అనేవారు. జూలైలో వాన కురుస్తున్నా అదే, దసరాకీ అదే, రంజాన్‌కీ అదే. జనం నవ్వి ఊరుకునేవాళ్ళు. నేనూ అదొక తమాషా అనుకున్నాను. అన్నేళ్ళు ఆ పక్కనే కూర్చుని, ఎందుకంటారు భాయ్ అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

నా గురించి కూడా చెప్పాలి, తప్పదు. నేను ముప్పై ఏళ్ళు టీవీలు బాగుచేసినవాణ్ణి. డబ్బా టీవీలు. వెనక మూత విప్పితే అంతా కనిపించేది, ఏది కాలితే అది పీకి కొత్తది అతికించేవాణ్ణి. ఇప్పుడొచ్చే సరుకు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. భాయ్ ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొంటే, మెమరీ పెంచుదామని మూత విప్పబోయాను. జిగురు పెట్టి మూసేశారు. నానా తంటాలు పడి తీస్తే, మెమరీని బోర్డుకే అతికించేసి ఉంది. ఇక ఆ ప్రింటర్ సంగతి చెప్పక్కర్లేదు. ఇంకు నింపిన పాత కార్ట్రిడ్జ్ పెడితే, ఇది నాది కాదు పొమ్మంటుంది. లోపల నిండా ఇంకుంటుంది, అయినా అయిపోయిందని అబద్ధం చెబుతుంది. నేను దాన్ని బూతులు తిట్టేవాణ్ణి. భాయ్ మాత్రం దాని నెత్తి మీద మెల్లగా తట్టి, "మస్తు నఖ్రాలు చేస్తది సార్" అని ఇంకోసారి బటన్ నొక్కేవారు. ఒక్కసారి మాత్రం విసుక్కున్నారు. "కొన్నది నేను, తాళంచెవి వాళ్ళ కాడ. గిదేం బేరం సార్?" అన్నారు. ఆ మాటకి నేను చప్పట్లు కొట్టాను. ఆయన అంటున్నది ప్రింటర్ గురించి కాదని నాకు తర్వాత తెలిసింది.

ఆయన అసలు పనంతా చేసేది ఒక పాత సిస్టమ్ మీద. దాన్ని ఆన్ చేస్తే రోజూ తెర నల్లగా అయిపోయి, ఇంగ్లీషులో ఏదో తప్పు చూపించి, ఎఫ్ వన్ నొక్కమనేది. ఆయన నొక్కేవారు. ఏళ్ళ తరబడి రోజూ నొక్కేవారు. అది ఎందుకలా అంటుందో నాకు తెలుసు. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, తేదీ, టైమూ గుర్తుపెట్టుకోవడానికి. అది చచ్చిపోయింది. పాపం, ఈ మాత్రం దానికి రోజూ ఇబ్బంది పడుతున్నాడు, తెలియక అనుకున్నాను. నా చేతులు ఊరుకోవు కదా. ఏడాదిన్నర కిందట ఒక శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళొస్తా, జర చూస్తుండుండ్రి సార్ అని షాపు నాకప్పగించి వెళ్ళారు. నేను జేబులో బ్యాటరీ, స్క్రూడ్రైవరు ముందే తెచ్చుకున్నాను. ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని. విప్పాను, కొత్తది పెట్టాను, ఆన్ చేశాను. ఆ రోజు తేదీ వేశాను, టైము సరిచేశాను. ఇంకా నా తెలివి తెల్లారినట్టు, ఆ కంపోజింగ్ సాఫ్ట్‌వేర్ కూడా తెరిచి పెడదామని దాని మీద నొక్కాను. గడువు ముగిసింది, మా ఆఫీసును సంప్రదించండి అని తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఇంకేం నొక్కినా అదే డబ్బా.

భాయ్ వచ్చి తెర చూశారు. నా చేతిలో స్క్రూడ్రైవరు చూశారు. టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకుని స్టూల్ మీద కూర్చున్నారు. నేను గోల గోలగా ఏదో చెబుతూనే ఉన్నాను. ఆఖరికి ఆయన, "సార్, మీరు దానికి నిజం చెప్పేసిండ్రు" అన్నారు.

అప్పుడు చెప్పారు అసలు సంగతి. దాచుకున్న డబ్బంతా పోసి కొన్న సాఫ్ట్‌వేర్ అది. కొన్నా సరే, ఏడాదికోసారి అమీర్‌పేటలోనే ఉన్న ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్ళి ఒక నెంబరు రాయించుకుని రావాలి. ఆ నెంబరు కొడితే ఇంకో ఏడాది పనిచేస్తుంది. ఒకసారి గడువు ఇంకా ఉండగానే వెళ్తే ఆఫీసు లేదు. ఆ గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. గడువు రెండు నెలలుంది. ఆ తర్వాత ఆయన కార్డులన్నీ అందులో ఉండి కూడా లేనట్టే, వేరే ఏ సాఫ్ట్‌వేరూ ఆ ఫైళ్ళను తెరవలేదు. ఆ రెండు నెలల్లోనే ఒక పొద్దున ఆ చిన్న బ్యాటరీ దానంతటదే చచ్చిపోయింది. సిస్టమ్‌కి తేదీ గుర్తులేక, అది తయారైన ఏటి జనవరి ఒకటికి వెళ్ళిపోయింది. ఇంకా ఇన్ని రోజులున్నాయి అని చూపించే అంకె తగ్గాల్సింది పోయి పెరిగింది. ఆయన వెంటనే అర్థం చేసుకున్నారు. రాత్రి స్విచ్ కట్టేస్తే చాలు, పొద్దున మళ్ళీ జనవరి ఒకటే. "దానికి ఇయ్యాల ఏం రోజో తెల్వనీయలే సార్. గడువు దాటిన తేదీ ఒక్కసారి చూసిందంటే మళ్ళ తెర్వదు. ఇది తప్పో ఒప్పో నాకు తెల్వదు, అందుకే ఎవ్వరికి చెప్పలే" అన్నారు. హ్యాపీ న్యూ ఇయర్ అంటే ఏంటో అప్పటికి నా మొద్దు బుర్రకెక్కింది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఈ పేటలో ఎన్ని ఇళ్ళ పెళ్ళిళ్ళు, ఎన్ని ఇళ్ళ చావులు ఉన్నాయో అందులో, అన్నిటినీ ఒక్క బ్యాటరీతో పూడ్చిపెట్టాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చాయ్ తెప్పించారు. "మంచికే చేసిండ్రు గదా సార్. ఫికర్ చేయకుండ్రి" అన్నారు. నాలుగు రోజులు నేను ఆ సందువైపు వెళ్ళలేదు. అయిదో రోజు ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. "లేచి కూసున్నది సార్! ఫైళ్ళన్ని గీ లాప్‌టాప్‌లకి తెచ్చిన" అని మా ఆవిడ కార్డు తెర మీద తెరిచి చూపించారు. అవే పేర్లు, అదే వరస. "అక్షరం కొంచెం సన్నబడినట్టుంది కదూ?" అన్నాను. "కొత్త స్క్రీన్ గదా సార్" అన్నారు. నేను నమ్మాను. నా వల్ల జరిగిన నష్టం తీరిపోయిందని ఏడాదిన్నర హాయిగా నిద్రపోయాను. ఆ పాత సిస్టమ్ మూలన గుడ్డ కప్పుకుని పడుంటే, పనైపోయింది కాబట్టి పడుందనుకున్నాను.

మూడో రోజు జియారత్ అయిన మర్నాడు భాభీ షాపు తెరిచి నన్ను రమ్మన్నారు. "గా పాత సిస్టమ్ ఎవరికన్న ఇచ్చేద్దాం భాయ్‌సాబ్. అది అప్పట్నుంచి నడుస్తలేదు కద" అన్నారు. నడవకపోతే ఫైళ్ళు ఎలా వచ్చాయి భాభీ అన్నాను. ఆవిడ నా మొహం చూశారు. "వచ్చుడేంది? ఒక్కటొక్కటి మళ్ళ కొట్టిండ్రు కద. రోజు పగటీలి బువ్వ తిన్నంక అదే పని. మీకు తెల్వదా?" అన్నారు. నాకు మతి పోయింది. బెంచీ కిందనుంచి రెండు పెద్ద అట్టపెట్టెలు లాగారు. చేసిన ప్రతి కార్డూ ఒక్కో కాపీ దాచుకున్నారాయన. ఒక పెట్టెలో కార్డుల మీద ఎర్ర పెన్నుతో టిక్కులు. మళ్ళీ కొట్టినవి. రెండో పెట్టెలో వాటికి ఇంకా టిక్కుల్లేవు. మొదటి పెట్టెలో అన్నిటికంటే పైన ఉంది మా ఆవిడ పెద్దకర్మ కార్డు. దాని వెనక పెన్సిల్‌తో "ముందు ఇది. సార్‌కు చూపాలె" అని రాసుంది.

ఆ కార్డు పట్టుకుని ఆ మెట్ల కింద చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గుపడను చెప్పుకోడానికి. నన్ను నిద్రపోనివ్వడానికి మనిషి ఏడాదిన్నర పాటు నాకు అబద్ధం చెప్పాడు. రోజూ పక్కన కూర్చుని చాయ్ తాగుతూ ఒక్క ముక్క బయటపడలేదు. నేను రాకముందు కొట్టుకునేవారట, నా అడుగుల చప్పుడు వింటే పెట్టె కాలితో లోపలికి తోసేవారట.

ఆ సిస్టమ్‌ని ఎవరికీ ఇవ్వొద్దన్నాను. నేను పెట్టిన బ్యాటరీ అందులో లేదు, భాయ్ అప్పుడే పీకేసినట్టున్నారు. ఇప్పుడు రోజూ పదింటికి భాభీ షట్టర్ తీస్తారు, నేను వెళ్ళి కూర్చుంటాను. ముందు పాత సిస్టమ్ ఆన్ చేసి ఎఫ్ వన్ నొక్కుతాను. సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, ఆ డబ్బానే వస్తుంది. కానీ కింద మూల జనవరి ఒకటి అని ఉంటుంది. తర్వాత లాప్‌టాప్ వైపు తిరిగి, రెండో పెట్టెలోంచి ఒక కార్డు తీసి రెండు వేళ్ళతో కొట్టడం మొదలుపెడతాను. రోజుకి ఒక్కటి అవుతోంది. తప్పులు దిద్దుకునేసరికి మధ్యాహ్నం దాటుతోంది.

నిన్న పొద్దున కృష్ణానగర్ నుంచి ఒకాయన గృహప్రవేశం కార్డుకి వచ్చాడు. పాత మనిషే, తన పెళ్ళి కార్డు ఇక్కడే కొట్టించుకున్నాడట. తల వంచుకుని లోపలికి వస్తూ, "భాయ్ ఏడి సార్?" అన్నాడు. నేను తెర మీంచి తల ఎత్తాను. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండగా, నోట్లోంచి "హ్యాపీ న్యూ ఇయర్ సార్" అని వచ్చేసింది. ఆయన పకపకా నవ్వి, "మీకు సుత అంటిందా!" అంటూ భాయ్ స్టూల్ పక్కకు జరిపి, దాని మీద కాకుండా నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆ స్టూల్ భాయ్ కోసం ఖాళీగా వదిలిపెట్టి నవ్వుతూనే ఉన్నాడు. ఆయనకి ఇంకా తెలియదు. ఈసారి కూడా నిజం చెప్పాల్సింది నేనే.