ఇన్‌హేలర్ వాడినవారు

డాక్టరుగారికి లెక్కలంటే ఎంతో గౌరవం, తాను ముందే అనుకున్న జవాబు వచ్చినంతసేపూ. రాజమండ్రిలో నేను స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే కాలేజీకి ఆయనే స్వయంగా వచ్చి, చుట్టుపక్కల ఆస్పత్రుల నుంచి తెప్పించిన, ఉబ్బసం ఉన్న గర్భిణుల వివరాల ఫైలు నా బల్ల మీద పెట్టారు. ఇన్‌హేలర్ వాడిన తల్లులకు బిడ్డలు తక్కువ బరువుతో పుడుతున్నారా లేదా అన్నది తేల్చాలట. తేల్చాలి అన్నారు గానీ, ఆయన ముఖం చూస్తే అప్పటికే తేలిపోయినట్టుంది.

మొదటి పట్టికలో అలాగే వచ్చింది. వాడినవాళ్ళ బిడ్డలు బరువు తక్కువ. రాకేం చేస్తుంది? ఆయాసం ముదిరినవాళ్ళకే కదా ఇన్‌హేలర్ రాసేది. తల్లికి ఊపిరి అందకపోతే కడుపులో బిడ్డకూ ఇబ్బందే. తప్పు జబ్బుదో మందుదో తెలియాలంటే, జబ్బు ఎవరికి ఎంత ముదిరిందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ మాటే ఆయనతో అన్నాను.

"అదంతా ఇప్పుడెందుకండీ మేడం? మా డాక్టర్ల సదస్సు వచ్చేవారమే. ఒక్క పట్టిక చాలు. స్లైడు మీద మీ పేరు కూడా వేస్తాను" అన్నారాయన.

ఇక్కడ తిట్టుకోవలసింది నన్ను నేనే. ఏళ్ళ తరబడి పిల్లలకు ఇలాంటి పట్టికను నమ్మొద్దని చెప్పిన నోరు, పేరు అనగానే మూతపడింది. పట్టిక అలాగే ఇచ్చేశాను. సదస్సు అయ్యాక ఆయన స్లైడు ఫోటో పంపితే, దాన్ని మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పట్టిక కోసం కాదు, కింద ఉన్న నా పేరు కోసం. పిన్నులూ మేనత్తలూ దండాల బొమ్మలు పెట్టారు. అందులో ఏం రాసి ఉందని అడిగింది మా అమ్మ ఒక్కతే.

"ఆ గొట్టం పీలిస్తే పిల్లలు పీలగా పుడతారనేనా?" అంది ఫోన్‌లో.

"ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదమ్మా" అని, క్లాసుకు వేళయిందని పెట్టేశాను. మా తమ్ముడి భార్యకు అప్పుడు ఆరో నెల. ఆమెకు ఉబ్బసం ఉందని నాకు బాగా తెలుసు. ఫోటో పెట్టేటప్పుడు మాత్రం ఆ సంగతి గుర్తు రాలేదు.

రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో అవి కోతల రోజులు. మిషన్ల దుమ్మంతా ఇళ్ళల్లోనే ఉండేది. రెండో కాన్పు కాబట్టి మా మరదలు పుట్టింటికి వెళ్ళలేదు. నెలనెలా ఆస్పత్రిలో ఆమెకు ఇన్‌హేలర్ ఇచ్చి, కార్డులో టిక్కు పెట్టేవారు. ఇంటికి రాగానే మా అమ్మ దాన్ని తీసుకెళ్ళి బీరువాలో పట్టుచీరల కింద పెట్టేది. కోరుకొండ స్వామికి మొక్కుకున్నాక ఇక మందుతో పనేంటని ఆవిడ వాదన. ఆ మొక్కు కూడా ఎలాంటిదంటే, కాన్పు అయ్యాక కొండమెట్లన్నీ ఎక్కాల్సింది ఆవిడ కాదు, ఆయాసం ఉన్న మా మరదలు.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం ఆమెకు మాట కూడా రానంత ఆయాసం వచ్చింది. రాజమండ్రి తీసుకొచ్చారు. రెండు రోజులకు పాప పుట్టింది, నెల ముందే, అరచేతిలో పట్టేంత. అద్దాల పెట్టె బయట నిలబడి, మందు సరిగా వాడిందా అని అమ్మను అడిగాను. బీరువాలోంచి వెంట తెచ్చిన మూడు ఇన్‌హేలర్లు ఆవిడ సంచిలోంచి తీసింది. ఒక్కోదానికీ ఇంకా ఎన్ని మోతాదులు మిగిలాయో చూపించే చిన్న కౌంటర్ ఉంటుంది. ఒకదాంట్లో ఆరంటే ఆరే తగ్గాయి. మిగతా రెండిటికీ సీలు కూడా విప్పలేదు.

"నీ లెక్క చూసే కదే దాచాను" అంది అమ్మ. ఆ మూడిటినీ తీసుకుని నా సంచిలో వేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కొన్ని నెలలకు డాక్టరుగారు మరో విడత వివరాలు పంపారు. పేర్లుండవు గానీ ఊరు, వయసు, కాన్పు తేదీ ఉంటాయి. వాటిల్లో మా మరదలి వివరాలున్న వరస కనిపించింది. ఇన్‌హేలర్: వాడారు. బిడ్డ బరువు: తక్కువ.

"చూశారా మేడం, మళ్ళీ అదే వచ్చింది!" అన్నారాయన, పెళ్ళిభోజనం చేసినవాడిలా.

ఆ మూడు ఇన్‌హేలర్లూ తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఒక్కోటీ తిప్పి చూశారు. "పాపం" అన్నారు. "కానీ మన ఫారంలో కౌంటర్‌కి కాలమ్ లేదు కదండీ. కార్డులో టిక్కు ఉంటే వాడినట్టే."

అయితే నా పేరు తీసెయ్యమన్నాను. వేసినప్పటికంటే హుషారుగా తీసేశారు. ఆ పట్టిక మాత్రం అలాగే ఉంది.

ఆ ఆదివారం ఊరెళ్ళాను. మా మరదలు పాపను ఒళ్ళో పెట్టుకుని, నా ఎదురుగానే మందు పీల్చి, మూత పెట్టింది. డాక్టరుగారి మాటలు ఆమెకు చెప్పాను.

"అయితే వదినగారూ, నేను మందు పీల్చడం వల్లే నా బిడ్డ ఇలా పుట్టిందని రాసుకున్నారాండీ అక్కడ?"

"రాసుకున్నారు."

"అసలు ఆ మాట మొదట రాసిందెవరండీ?"

"నేనే" అన్నాను.

ఎప్పుడు వెళ్ళినా ముందు నా చేతికిచ్చే పాపను, ఆ రోజు ఆమె తన పక్కనే పడుకోబెట్టుకుంది.